చేపలో ప్రొటీన్: అన్నంలో తక్కువైన లైసిన్‌ను ఒక ముక్క ఎంతవరకు భర్తీ చేస్తుంది? అంగన్‌వాడీలో గుడ్డే ఎందుకు పెడతారు?

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో తెల్లవారుజాము నుంచే జనం కిటకిటలాడతారు. ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణలో పాత ఆనవాయితీ. కొర్రమీను ధర ఆ ఒక్క రోజుకు ఎక్కడికో వెళ్లిపోతుంది. మర్నాటి నుంచి మార్కెట్ మళ్లీ మామూలే. చాలా ఇళ్లలో చేప ఇంకో పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో మళ్లీ గుర్తొస్తుంది.

కానీ ఒంటికి ప్రొటీన్ రోజూ కావాలి. అందులోనూ అన్నం ఎక్కువ తినే మనలాంటివాళ్లకు ప్రొటీన్ ఎంత తింటున్నామన్నది ఎంత ముఖ్యమో, ఏ రకం తింటున్నామన్నదీ అంతే ముఖ్యం. చేప సంగతి తెలుసుకోవాల్సింది అందుకే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైనే. దీనికంతా ప్రొటీన్ కొరతే కారణం అనలేం. ఇన్‌ఫెక్షన్లు, నీళ్లు, పారిశుధ్యం, తల్లి ఆరోగ్యం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. అయితే పళ్లెంలో ఏముందన్నది వాటిలో పెద్దదే.

అన్నంలోనూ ప్రొటీన్ ఉందిగా, మరి లోటెక్కడ?

ఉంది. వంద గ్రాముల బియ్యంలో ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మూడు పూటలా అన్నం తినే మనిషికి రోజు మొత్తం ప్రొటీన్‌లో పెద్ద వాటా బియ్యం నుంచే వస్తుంది. చిక్కు వేరే చోట ఉంది.

ప్రొటీన్ అనేది ఒకే పదార్థం కాదు. అది అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి తగిలించిన గొలుసు. మన ఒంట్లో వాడేవి 20 రకాలు. వాటిలో 11 రకాలను శరీరం తనే తయారుచేసుకోగలదు. మిగతా తొమ్మిది, అంటే లైసిన్, లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, మెథియోనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, ఫినైల్ అలనైన్, హిస్టిడిన్, తిండి నుంచే రావాలి. ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లైసిన్ ఒక్కటి గుర్తుంటే ఈ కథనానికి చాలు.

మల్లెలు, కనకాంబరాలు, మరువం కలిపి ఒక వరసలో దండ అల్లుతున్నారనుకోండి. మల్లెలు తట్టనిండా ఉన్నాయి. కనకాంబరాలు అయిపోయాయి. దండ అక్కడితో ఆగిపోతుంది, మిగిలిన మల్లెలు వాడిపోతాయి. ఒంట్లో కండ, ఎంజైములు, రోగనిరోధక కణాలు తయారయ్యేటప్పుడూ ఇదే జరుగుతుంది. అన్నంతో అల్లే దండలో కనకాంబరం లైసిన్. పెద్దలకు తినే ప్రతి గ్రాము ప్రొటీన్‌లో 45 మిల్లీగ్రాముల లైసిన్ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓ పెట్టుకున్న కొలత. బియ్యం ప్రొటీన్‌లో ఉండేది 36 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. గోధుమలో ఇంకా తక్కువ. కాబట్టి చపాతీకి మారితే ఈ లోటు తీరదు, పెరుగుతుంది.

చేప ప్రొటీన్‌లో గ్రాముకు దాదాపు 85 నుంచి 90 మిల్లీగ్రాముల లైసిన్ ఉంటుంది. అంటే కావాల్సినదానికి దాదాపు రెట్టింపు. తను తినే భాగానికి సరిపోగా మిగిలిన లైసిన్ అన్నంలోని లోటును పూడ్చడానికి పనికొస్తుంది. చేప పులుసు అన్నం మనకు ఇష్టమైన కలయిక మాత్రమే కాదు, పోషకాల లెక్కలోనూ కుదిరిన జోడీ.

పప్పూ ఈ పని చేస్తుంది. కందిపప్పు ప్రొటీన్‌లో లైసిన్ బాగానే ఉంటుంది, తక్కువయ్యేది మెథియోనిన్. అది అన్నంలో ఉంది. అందుకే పప్పన్నం గొప్ప భోజనం. అయితే ఇక్కడ పప్పు అంటే గరిటె నిలబడే పప్పు. నాలుగు గింజలు వేసి మరగకాచిన పప్పుచారు కాదు. పప్పు ధర పెరిగినప్పుడల్లా ఇంట్లో ముందు పల్చబడేది పప్పే కదా. చేపలో లైసిన్, మెథియోనిన్ రెండూ సమృద్ధిగా ఉంటాయి. ఇంకోదాని సాయం లేకుండానే తొమ్మిదీ సరిపోతాయి.

ఒక ముక్క నిజంగా ఎంత తేడా తెస్తుంది?

లెక్క వేసి చూద్దాం. 55 కిలోల బరువున్న మహిళకు రోజుకు సుమారు 1,650 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున వచ్చిన అంకె ఇది. ఆమె రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తింటే 800 దాకా వస్తుంది. పల్చటి పప్పుచారులో 20 గ్రాముల పప్పు పడిందనుకుంటే మరో 300. కూర, పచ్చడి నుంచి వచ్చేది కొంచెమే. మొత్తం కలిపినా అవసరంలో మూడింట రెండొంతుల దగ్గరే ఆగుతుంది. అదే రోజు శుభ్రం చేసిన 100 గ్రాముల చేప తింటే, ఒక్క చేప నుంచే 1,500 పైన వస్తుంది. ఇవి సగటు అంకెలే, చేప రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. తేడా ఎంతో తెలియడానికి మాత్రం సరిపోతాయి.

గర్భిణి విషయానికి వస్తే లెక్క ఇంకా బిగుస్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్, 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం 55 కిలోల మహిళకు రోజుకు దాదాపు 46 గ్రాముల ప్రొటీన్ అవసరం. గర్భిణికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అదనంగా 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో అదనంగా 22 గ్రాములు కావాలి. అంటే చివరి నెలల్లో రోజుకు 68 గ్రాములు. తిండిలో ఎక్కువ భాగం ధాన్యమే అయితే దాని నాణ్యత తక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువే కావాలి.

300 గ్రాముల బియ్యం నుంచి 22, చిక్కటి పప్పు కోసం 40 గ్రాముల కందిపప్పు వేస్తే 9, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కలిసి 13, పెరుగు, కూరగాయల నుంచి మరో ఆరు. అన్నీ సరిగ్గా తిన్నా 50. ఇంకా 18 గ్రాములు కావాలి. వంద గ్రాముల శీలావతిలోనో బొచ్చెలోనో ఉండేది కూడా దాదాపు అంతే.

మిగతా మాంసాలకంటే చేప తేలికా?

చేప తేలిగ్గా అరుగుతుందని పెద్దవాళ్లు అనే మాటకు ఆధారం ఉంది. మేక, కోడి మాంసంలో కండరాలను బిగించి పట్టే కొల్లాజెన్ పీచు ఎక్కువ. చేప నీళ్లలో తేలుతూ బతికేది, దానికి అంత బిగువు అక్కర్లేదు. కండ పోగులు పొట్టివి, వాటి మధ్య పొరలు పల్చనివి. అందుకే మటన్‌కు కుక్కర్ కూతలు లెక్కపెడతాం, చేప పులుసులో ముక్క పది నిమిషాల్లో ఉడికి, గరిటె పెడితే విడిపోతుంది. చేప ప్రొటీన్‌లో 90 శాతానికి పైగా ఒంటికి అందుతుంది. పళ్లు ఊడిన తాతయ్యకు, నమలలేని అమ్మమ్మకు చికెన్ ముక్క కంటే ముల్లు తీసిన చేప ముక్క నయం. వయసు పైబడ్డాక కండ కరిగిపోకుండా ఉండటానికి లూసిన్ అనే అమైనో ఆమ్లం ముఖ్యం. అదీ చేపలో బాగా ఉంటుంది.

ఇక్కడే ఇంకో మాట. చేప తోలు నుంచి తీశామని డబ్బాల్లో అమ్మే కొల్లాజెన్ పొడికి, చేప ముక్కకు పోలికే లేదు. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అసలు ఉండదు. ప్రొటీన్‌గా చూస్తే అది అసంపూర్ణం. చేప నూనె మాత్రల్లో ఒమేగా-3 కొవ్వులుంటాయి తప్ప లెక్కలోకి వచ్చే ప్రొటీన్ ఉండదు. కండలు పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని, సరైన తిండితోనే అవసరమైన ప్రొటీన్ వస్తుందని 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఎన్‌ఐఎన్ చెప్పింది. జిమ్‌కు వెళ్లే మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పి చూడండి, వింటాడన్న హామీ లేదు.

చేపతో ప్రొటీన్ ఒక్కటే రాదు. బి12 విటమిన్ వస్తుంది. ఆకుకూరలు, పప్పుల్లో ఉండే ఇనుమును ఒళ్లు సరిగా పీల్చుకోలేదు. వాటితోపాటు చేపో, మాంసమో ఉంటే ఆ ఇనుము కూడా ఎక్కువగా ఒంటబడుతుంది. రక్తహీనత మందులు వాడుతున్న మహిళలకు ఇది పనికొచ్చే విషయం. మాత్రలు మానేయమని కాదు.

ఏ చేప కొంటే డబ్బుకు విలువ?

పులస, చందువ, వంజరం, కొర్రమీను రుచికి గొప్పవి. ప్రొటీన్ లెక్కలో మాత్రం వాటికీ చెరువు శీలావతికీ పెద్ద తేడా లేదు. దాదాపు అన్ని చేపల్లోనూ 100 గ్రాములకు 16 నుంచి 20 గ్రాములే. మీరు ఎక్కువ చెల్లించేది రుచికి, అరుదుదనానికి.

ధర పోల్చేటప్పుడు ఒకటి మరచిపోకండి. కిలో చేప కొంటే పొలుసు, పేగులు, మొప్పలు, తల పోను చేతికొచ్చేది 600 గ్రాముల దాకానే. ఉదాహరణకు కిలో శీలావతి 200 రూపాయలనుకుందాం. వచ్చే ప్రొటీన్ సుమారు 100 గ్రాములు, అంటే గ్రాముకు రెండు రూపాయలు. ఆరు రూపాయల గుడ్డులో ఆరున్నర గ్రాములు, అంటే గ్రాముకు రూపాయి లోపే. కిలో కందిపప్పు 150 అయితే గ్రాముకు 70 పైసలు. ఈ లెక్కలో చేప ఓడిపోయినట్టే కనిపిస్తుంది. దాచడం అనవసరం, రోజూ ఖర్చు చూసుకునే ఇంటికి గుడ్డే చౌక. మీ ఊరి ధరలు వేసి మీరే ఒకసారి చూసుకోండి. తల కూడా పులుసులో వేసుకునే ఇళ్లలో లెక్క కాస్త మెరుగు.

చిన్న చేపల దగ్గర కథ మారుతుంది. నెత్తళ్లు, కవ్వళ్లు, చెరువుల్లో దొరికే పరిగెలు ధర తక్కువ, వృథా తక్కువ. ముల్లుతో సహా నమిలి తినగలిగే సైజైతే కాల్షియం అదనం. ఎండబెట్టిన నెత్తళ్లలో నీరు పోయి ప్రొటీన్ సగానికి పైగా ఉంటుంది. కిలో 400 రూపాయలకు దొరికినా గ్రాము ప్రొటీన్ 75 పైసల్లో వచ్చేస్తుంది, పప్పుతో సమానం. గుప్పెడు ఎండు నెత్తళ్లు వంకాయలో, గోంగూరలో వేస్తే నలుగురికీ సరిపోతుంది. ఉప్పు పట్టించినవి గంటసేపు నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి వండండి. రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు చేపకు దూరంగా ఉండటమే మంచిది. ఇసుకలో పరిచి ఎండబెట్టినవాటి కంటే వలల మీద, తాటి చాపల మీద ఎండబెట్టినవి శుభ్రంగా ఉంటాయి. కొనేటప్పుడు ఎక్కడ ఎండబెట్టారని అడగడంలో తప్పేం లేదు.

వండే తీరు గురించి రెండు మాటలు. పులుసులో వండితే ముక్కలోంచి కరిగిన పోషకాలు పులుసులోనే ఉంటాయి, అన్నంలో కలుపుకుంటే వృథా ఉండదు. వేపుడు అప్పుడప్పుడూ తప్పు కాదు. నల్లగా మాడేదాకా వేయిస్తే మాత్రం లైసిన్ కొంత ఒంటికి పనికిరాకుండా పోతుంది, ఒమేగా-3 కొవ్వులూ తగ్గుతాయి, నూనె పెరుగుతుంది.

ప్రభుత్వం పెట్టే భోజనంలో చేప ఎందుకు లేదు?

2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణులకు, ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు బాలింతలకు, ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత పోషకాహారం హక్కు. ఎవరి దయా కాదు. ఏయే వర్గానికి ఎన్ని కేలరీలు, ఎంత ప్రొటీన్ ఇవ్వాలో చట్టంలోని రెండో షెడ్యూల్ చెబుతుంది. మొదట అది ప్రధానంగా కేలరీల లెక్క. 2023లో దాన్ని సవరించి, ప్రొటీన్ నాణ్యతను, ఆహార వైవిధ్యాన్ని కూడా పరిగణనలోకి తీసుకున్నారు.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల్లోనూ గుడ్డు, పాలే ప్రధానం. వీటి నాణ్యతకు వంక పెట్టలేం. గుడ్డులోనూ తొమ్మిది అమైనో ఆమ్లాలూ చక్కగా ఉంటాయి. ఆ ఒక్క గుడ్డు, గ్లాసు పాలతోనే రోజు లైసిన్ అవసరంలో సగానికి పైగా తీరుతుంది. అందుకే అంగన్‌వాడీ గుడ్డును ఇంటికి తీసుకెళ్లి మొగుడికో, పెద్ద పిల్లాడికో పెట్టేసే తల్లులకు చెప్పాల్సింది ఇదే: ఆ గుడ్డు మీ కడుపులో బిడ్డ వాటా.

చేప లేకపోవడానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. గుడ్డు ఫ్రిజ్ లేకుండా కొన్ని రోజులు ఉంటుంది. అన్నీ దాదాపు ఒకే సైజు. లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాయొచ్చు. చేప ఐసు లేకపోతే కొన్ని గంటల్లో పాడవుతుంది. ముక్కలు ఒకేలా రావు. మూడేళ్ల పిల్లలకు ముల్లు ప్రమాదం. ఆయా ఒక్కతే 30 మంది పిల్లల పళ్లేల్లో ముళ్లు ఏరగలదా? చేప తినని కుటుంబాల పిల్లలూ ఉంటారు.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయినా దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం మనది అన్నప్పుడు ఈ ప్రశ్న అక్కడితో వదిలేయడం కష్టం. 2022-23లో దేశమంతా కలిపి 175 లక్షల టన్నుల చేపలు, రొయ్యలు ఉత్పత్తయితే ఒక్క ఆంధ్రప్రదేశ్ నుంచే దాదాపు 51 లక్షల టన్నులు. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి థర్మకోల్ పెట్టెల్లో ఐసు పరిచి శీలావతి, బొచ్చె లారీలకెత్తి పశ్చిమ బెంగాల్‌కు, అస్సాంకు, బిహార్‌కు పంపుతారు. మూడు రోజుల ప్రయాణం తట్టుకునేలా చేపను కాపాడటం మనకు తెలుసు. పక్క మండలం అంగన్‌వాడీకి చేర్చే ఏర్పాటే లేదు. స్థానికంగా చేప వాడకం పెంచాలని ఆంధ్రప్రదేశ్‌లో ఫిష్ ఆంధ్ర పేరుతో దుకాణాలు తెరిచారు. తెలంగాణలో 2016-17 నుంచి చెరువుల్లో ప్రభుత్వమే ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది. ఉత్పత్తి వైపు చేసిన ఖర్చు పళ్లెం దాకా ఎంత వచ్చిందన్నది అడగదగిన ప్రశ్నే.

దారి లేకపోలేదు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో వరల్డ్‌ఫిష్ సంస్థతో కలిసి అంగన్‌వాడీల్లో ఎండుచేపలు, చేపల పొడి ప్రయోగాత్మకంగా ఇచ్చారు. చిన్న చేపలను శుభ్రంగా ఎండబెట్టి ముల్లుతో సహా మెత్తగా పొడి చేస్తే గొంతులో గుచ్చుకునే భయం లేదు, ఐసు అక్కర్లేదు, చెంచాతో కొలిచి వేయొచ్చు. చిన్నారులకు అన్నంలో, పప్పులో కలిపేస్తే సరి. మన దగ్గర గ్రామసభలోనో, అంగన్‌వాడీ తల్లుల సమావేశంలోనో ఈ మాట ఎత్తడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇవ్వాల్సిన గుడ్డు, పాలు కూడా సరిగా రాకపోతే? ముందు అంగన్‌వాడీ టీచర్‌ను, తర్వాత సూపర్‌వైజర్‌ను, సీడీపీఓను అడగండి. అక్కడా పని జరగకపోతే ఆహార భద్రత చట్టం కింద జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్. ఏ రోజు, ఏ కేంద్రంలో, ఎన్ని గుడ్లు తక్కువయ్యాయో తేదీలతో రాసిన ఫిర్యాదుకు విలువ ఎక్కువ.

తాజా చేపను ఎలా గుర్తుపట్టాలి?

కళ్లు ఉబ్బి, నిగనిగలాడుతూ ఉండాలి. లోపలికి గుంటపడి మసకబారితే పాతది. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, గోధుమ రంగులోకి మారకూడదు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. వాసన నీటి వాసనలా ఉండాలి తప్ప ముక్కుపుటాలు అదిరే ఘాటు ఉండకూడదు. బేరం కుదిరాక ముక్కలు కొట్టించడానికి ముందే ఇవన్నీ చూడండి. సంతలో కూరగాయలన్నీ కొన్నాక చివర్లో చేప కొనండి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

సముద్రపు చేపల్లో కానాగంతలు, ట్యూనా, కవ్వళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. వాటి కండలో హిస్టిడిన్ చాలా ఎక్కువ. తొమ్మిది అమైనో ఆమ్లాల్లో ఇదీ ఒకటని పైన చెప్పుకున్నాం. చేపను ఎండలో వదిలేస్తే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ వస్తాయి. చాలామంది చేప పడలేదు, ఎలర్జీ అనుకుంటారు. అసలు తప్పు ఐసు లేకపోవడం. ఒకసారి హిస్టమిన్ తయారయ్యాక ఎంత ఉడికించినా పోదు. కాబట్టి ఐసు లేని గంపలోంచి ఈ రకాలు కొనకండి.

ఫార్మలిన్ భయం చాలామందికి ఉంది. చేపను నిలవ ఉంచడానికి దాన్ని వాడటం చట్టవిరుద్ధం. ఈగ వాలకపోవడం, చేప కొయ్యలా బిగుసుకుపోవడం, ఏ వాసనా లేకపోవడం అనుమానించదగ్గ గుర్తులే కానీ రుజువులు కావు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మలిన్, అమ్మోనియా పట్టించే కాగితపు పట్టీల కిట్లు తయారుచేసింది. ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారి ఉన్నారు. చాలామందికి తెలియని ఇంకో హక్కూ ఉంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం మీరు కొన్న ఆహారాన్ని ఫీజు కట్టి ప్రభుత్వ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్ష చేయిస్తున్నానని కొనేటప్పుడే అమ్మేవాళ్లకు చెప్పాలి. కల్తీ ఉందని తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని పాలసొర కూర పెట్టడం అలవాటు. ప్రొటీన్‌కు లోటులేదు, నిజమే. అయితే సొర ఇతర చేపలను తిని బతికే చేప. కింది చేపల్లో ఉన్న పాదరసం అంచెలంచెలుగా దాని ఒంట్లో పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొర తినకపోవడమే మేలని చాలా దేశాల ఆహార సంస్థలు చెబుతున్నాయి. అదే ప్రొటీన్ కవ్వళ్లు, నెత్తళ్లు, చెరువు చేపల నుంచి పాదరసం బెడద లేకుండా వస్తుంది. పెద్దమ్మ మాట కాదనలేకపోతే సొర బదులు కవ్వళ్ల పులుసు పెట్టమని అడగండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రోజుకు ఎంత ప్రొటీన్ తినాలో డాక్టరే చెప్పాలి. గౌట్ ఉన్నవాళ్లు నెత్తళ్లు, కవ్వళ్లు తగ్గించాలి. చేప తిన్నాక పెరుగు తింటే బొల్లి వస్తుందన్న మాటకు శాస్త్రీయ ఆధారం లేదు. ఇష్టం లేకపోతే తినకండి, భయంతో మానక్కర్లేదు. పిల్లలకు ఆరు నెలలు నిండాక, తల్లిపాలతోపాటు పెట్టే మెత్తటి అన్నంలో ముల్లు లేకుండా వేళ్లతో చిదిమి చూసుకున్న చేప కలపొచ్చు. ఆ వయసు పిల్లలకు గుడ్డు, చేప, మాంసంలో ఏదో ఒకటి రోజూ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మొదటిసారి చెంచాడుతో మొదలుపెట్టి, దద్దుర్లేమైనా వస్తాయేమో రెండు రోజులు చూడండి.

పెద్దలకు వారానికి కనీసం 100 నుంచి 200 గ్రాముల చేప మంచిదన్నది ఎన్‌ఐఎన్ ఎప్పటినుంచో చెబుతున్న మాట. రెండు పూటల పులుసు అనుకోండి.

చేప తినని ఇళ్లలో, లేదా కార్తీక మాసం, శనివారాల్లాంటి పట్టింపులున్న రోజుల్లో లైసిన్ కోసం చిక్కటి పప్పు, పెరుగు, పాలు, సోయా చూసుకోండి. మూడు పిడికిళ్ల బియ్యానికి ఒక పిడికిలి పప్పు పడితే దారిలో ఉన్నట్టే. పల్లీ పచ్చడి, పల్లీ పట్టీ ప్రొటీన్‌కు మంచివే కానీ వాటిలోనూ లైసిన్ తక్కువ, కాబట్టి పప్పుకు బదులుగా వాటిని లెక్కేసుకోకండి.

మీ ఊళ్లో తాజా చేప దొరకడమే సమస్య అయితే ఇంకో సంగతి తెలిసి ఉండటం మంచిది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చేపల కియోస్కులకు, ఐసు పెట్టె బిగించిన వాహనాలకు యూనిట్ ఖర్చులో 40 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకైతే 60 శాతం రాయితీ పెట్టారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. స్వయం సహాయక సంఘంలో ఉన్న మహిళలైతే సంఘం తీర్మానం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు వెంట తీసుకెళ్తే ఒక తిరుగుడు తగ్గుతుంది.